తెల్లరాయిలో ఇనుము

ముందే ఒప్పేసుకుంటాను. తర్వాత మీరు నిలదీస్తే తల వంచుకోవడం కన్నా అదే మర్యాద. నేను చూసింది చూసినట్టు చెప్పలేను. చీమ కనబడితే దానికి మీసాలు పెడతాను. దోమ కుట్టిందని చెప్పాల్సి వస్తే దాని ముక్కు పొడవు మూర దాటిస్తాను. మా ఆవిడ నేను ఏ సంగతి చెప్పినా నాలుగుతో భాగించి వింటుంది, ఆదివారాలు నాకు తీరిక ఎక్కువ కాబట్టి ఎనిమిదితో. ఈ కింద రాసిన దాంట్లో కూడా ఎండ మరీ మండిపోతున్నా, రాళ్లకుప్ప కైలాసగిరిని దాటేస్తున్నా మీకు తోచిన అంకెతో భాగించుకోండి. అయితే భాగిస్తే పోని అబద్ధం ఒకటుంది. అదెక్కడో నేనే చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. ఓపిక నాకే లేదు, మిమ్మల్ని అడుగుతున్నాను.

నా వయసు యాభై మూడు. మోకాళ్ల వయసు ఎనభై. ఉద్యోగం, రాళ్లలోంచి పిడికెడు రాయి తీసి పిండి చేయడం. పోర్టుకి వెళ్లే దారిలో, లారీలు రోజుల తరబడి నిలబడి వేళ్లు కూడా తన్నే చోట, మా యార్డు ఉంది. అటు పక్క బొగ్గు, ఇటు పక్క ఇనప ఖనిజం, మధ్యలో మా తెల్లరాయి. లోకంలో ఇంకెక్కడా చోటు దొరకనట్టు తెల్లటి సరుకు తెచ్చి నలుపుకీ ఎరుపుకీ మధ్య పోశారు. పొద్దున్న తెల్లచొక్కాతో బస్సెక్కినవాణ్ణి సాయంత్రం ఏ రంగులో దిగుతానో ఆ రోజు గాలిని అడగాలి. గోపాలపట్నంలో మా వీధి కుక్క కూడా ముందు వాసన చూసుకుని, తర్వాతే నన్ను గుర్తుపడుతుంది.

మా యార్డులో తెల్లరాయి అంటాం. ఊళ్లలో పలుగురాయి అంటారు, పుస్తకాల్లో స్ఫటికం, కాగితాల మీద క్వార్ట్జ్. పొలాల్లో కాళ్లకి తగిలే తెల్లరాయి ఉంటుందే, అదే. దాని కూతురు ఇసక అనుకోండి, మనవరాలు అద్దం. చేత్తో పట్టుకుంటే వైశాఖంలో కూడా చల్లగా ఉంటుంది. యాసిడ్‌లో వేస్తే మామూలు యాసిడ్‌కి లొంగదు, స్నానం చేసినట్టు బయటికి వస్తుంది. పగలగొడితే వరసలుగా చీలదు, గుల్ల విరిగినట్టు వంపు తిరిగి విరిగి, ఆ అంచుతో వేలు కోస్తుంది. గాజు మీద గీస్తే గాజుకి గాటు పడుతుంది గానీ దానికేమీ కాదు. సన్నటి ముక్క కోసి కరెంటు ముట్టిస్తే సెకనుకి ముప్పైవేల పైచిలుకు సార్లు ఒకే లెక్కన వణుకుతుందట. చేతి గడియారాల్లో టైము నడిపేది ఆ వణుకే. మా ఆఫీసు గోడ మీద కూడా క్వార్ట్జ్ అని రాసిన గడియారం ఉంది. కిటికీ అవతల దాని చుట్టాలు గుట్టలుగా పడి ఉన్నా అది మాత్రం రోజూ పావుగంట వెనక నడుస్తుంది. మా దగ్గర చేరితే రాయి కూడా అలసిపోతుంది మరి.

ఈ రాయిని కొనేవాళ్లు దాన్ని కరిగించి తేటగా ఉండే గాజు చేస్తారు. వాళ్లకు గిట్టనిది ఒక్కటే, ఇనుము. రాయిలో తుప్పు మరక చిటికెడు కాదు, చిటికెడు నీడ ఉన్నా చాలు, అద్దం పచ్చబారిపోతుంది. అందుకని క్వారీ నుంచి లారీ వచ్చిందంటే ముందు పన్నెండు మంది ఆడవాళ్లు రాయిని ఏరుతారు. రేకుల షెడ్డు కింద గోనెసంచులు పరుచుకుని, చేతిలో చిన్న సుత్తులతో కూర్చుంటారు. ఒక్కో రాయిని మూడు వైపులా తిప్పి చూస్తారు. పాలలాగా ఉన్నది ఒక బుట్టలోకి, అద్దంలా తేటగా ఉన్నది ఇంకో బుట్టలోకి. పసుపో గోధుమరంగో మరక కనబడితే ఆ మేరకి సుత్తితో లేపేస్తారు. సుత్తి జారి రాయి మీద నల్లగీత పడితే బ్రష్షుతో రుద్ది కడుగుతారు. ఎండ రేకు మీద పడి, రేకు సెగ వాళ్ల నెత్తిన పడి, ఆ షెడ్డు కింద అప్పడాలు పెడితే నూనె లేకుండా వేగుతాయి. ఇది మాత్రం రెండుతో భాగించండి, చాలు.

ఆ పన్నెండు మందికీ పెద్ద ఒకావిడ. అందరూ అప్ప అంటారు, అంటే మా వైపు అక్క, నేనూ అంతే. నాకన్నా మూడు నాలుగేళ్లు పెద్ద. చీపురుపల్లి వైపు సేద్యం చేసుకునే కుటుంబం. నీళ్లు లేక సేద్యం మానుకుని, గోపాలపట్నంలో మా వీధికి రెండు వీధుల అవతల ఉంటున్నారు. ఆవిడ కళ్ల గురించి చెప్పాలి. లారీ గేటు దగ్గర ఆగేసరికే ఏ రాయిలో తుప్పుందో చెప్పేసేది. పెంచుతున్నానా? పెంచుతున్నాను. లారీ గేటు దాటాక చెప్పేది. ఒక మధ్యాహ్నం గోదాములో షట్టర్ దించేసి, ఆ చీకట్లో రెండు తెల్లరాళ్లు ఒకదానితో ఒకటి గట్టిగా రుద్ది చూపించింది. రాళ్ల లోపల నారింజ రంగు వెలుగు మినుకుమంది, కాలిన వాసన కొట్టింది. "సూసినావా తమ్ముడూ, రాయికి కూడా ఒల్లు మండుతాది, పైకి సెప్పుకోదంతే" అంది. ఇరవై ఏళ్లు రాళ్లు దంచిన నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

వాళ్లు ఏరి, కడిగి, కుప్ప పోశాక నా పని మొదలవుతుంది. కుప్ప పైన కాస్త, అడుగున కాస్త, పక్కల కాస్త తీస్తాను. పగలగొట్టి, కుప్ప చేసి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు రెండు ఉంచి మిగతావి పారేస్తాను. మళ్లీ కుప్ప, మళ్లీ నాలుగు పాళ్లు. చివరికి లారీలన్నీ కలిపి ఒక పిడికెడు అవుతాయి. దాన్ని కల్వంలో మెత్తగా నూరి, చిన్న కవర్లో పోసి, ల్యాబుకి పంపుతాను. అక్కడ వాళ్లు ఇనుము ఎంతో చెబుతారు. ఓడంత సరుకు బతుకు ఆ కవర్లో ఉంటుంది, ఆ కవరు నా చేతిలో ఉంటుంది, నా చేతికి నడుంనొప్పి ఉంటుంది. చేతికి నడుంనొప్పేమిటని అడక్కండి, నా ఒంట్లో నొప్పులకి సొంత చిరునామాలు లేవు.

నేను నూరే కల్వం అగేటు రాయిది. అగేటు కూడా ఈ తెల్లరాయి కులంలోదే. రాయిని నూరాలంటే రాయి తమ్ముడే కావాలన్నమాట. ఒకరోజు దాన్ని కడుగుతుంటే తుమ్మొచ్చింది. ఆ తుమ్ముకి పోర్టులో రెండు ఓడలు లంగరు తెంపుకున్నాయని నేను అంటాను, మా ఆవిడ వినదు. కల్వం నేల మీద పడి మూడు ముక్కలైంది.

మా మేనేజరు ముప్పై ఏళ్ల కుర్రాడు, మంచివాడే. నన్ను గారు అంటాడు, పని దగ్గర మాత్రం మొహమాటం లేదు. వెళ్లి చెబితే, "హెడ్డాఫీసుకి రాత్తాను గానీ, అది రావాలంటే టైం పడతాది. ఈలోగా ఏదోటి సర్దీయండి గురువుగారూ" అన్నాడు.

సర్దేశాను. పూర్ణా మార్కెట్‌లో మసాలా దంచుకునే పోత ఇనప రోలు ఒకటి తెచ్చాను. నల్లగా, గరుకుగా, ఏనుగుపిల్ల కూర్చున్నట్టు ఉండేది. దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని వస్తుంటే పక్కాయన లేచి నాకు సీటంతా ఇచ్చేశాడు. ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. ఎందుకు వస్తుంది? నేను ఈ ఊళ్లో పుట్టినవాణ్ణి. మా నాన్న క్రేన్ల కింద పని చేశాడు, మా మావయ్య కొలిమి దగ్గర చేశాడు. రైలు పట్టా, ఓడ గొలుసు, ఇంటి స్లాబులో ఊచ, అన్నీ చూసి పెరిగాం. గట్టిది అంటే ఇనుమే అని పాలతో తాగేశాం. పొలంలో కాళ్లకి తగిలే రాయి ఇనుముని అరగదీస్తుందని ఎవడైనా అంటే ఆ మనిషిని మా ఊరి బస్సులోంచి దింపేస్తారు.

మొదటి రిపోర్టు వచ్చింది. మేనేజరు నన్ను పిలిచి కాగితం టేబుల్ మీద పెట్టాడు.

"ఏటండీ ఇది? ఐరన్ ఇంతుందేటి?"

"రాయి బాగానే ఉందండి. నాను కళ్లారా సూసేను."

"రాయి బాగుంటే మరి ఏరడం బాగోలేదన్నమాట. మీ అప్పగారికి అసలు కనిపిస్తన్నాదా?"

"ఆవిడకా? ఆవిడ కన్ను..."

"మొన్న గేటు కాడ నన్ను సూసి సెక్యూరిటీ అనుకున్నాదండి."

అది నిజమే, కాకపోతే ఆ రోజు ఆ కుర్రాడు వేసుకున్న చొక్కా రంగు అలాంటిది. నేను ఆ మాట అనలేదు. పక్క యార్డు నుంచి ఎర్రదుమ్ము ఎగిరొచ్చి పడుతోందేమో అన్నాను. రాయిని కడిగాకే కదా శాంపిల్ తీస్తున్నారు అన్నాడు. నిజమే మరి.

రెండో లాట్ సరుకు కూడా టెస్టులో పోయింది. కొన్నవాళ్లు ఒప్పుకోక లారీలు వెనక్కి వచ్చాయి. దింపిన రాయిని మళ్లీ ఎక్కించి, మళ్లీ దింపి, మళ్లీ ఏరి, అందరం గానుగ చుట్టూ తిరిగినట్టు తిరిగాం. షెడ్డు కింద మాటలు పెరిగాయి. ఒకావిడ, "అప్ప సూసిందని నాను సూళ్ళేదు" అంటే, ఇంకొకావిడ, "నువ్వెప్పుడు సూసేవే, నీ సూపంతా టీ బండి మీదే" అంది. ఆ వారం వాళ్ల పేటలో చర్చి ఆవరణలో కళ్ల శిబిరం పెడితే అప్ప వెళ్లి కళ్లద్దాలు తెచ్చుకుంది.

నల్లఫ్రేము, మందపాటి అద్దాలు. ఆవిడ షెడ్డులోకి రాగానే పదకొండు సుత్తులూ ఆగాయి.

"ఓలప్పా, టీచరమ్మవైపోనావేటి!"

"మమ్మల్ని బెంచీ ఎక్కించీకే!"

"ఎక్కిత్తాను, ముందు పలక తియ్యండే" అని ఆవిడ కూడా నవ్వింది. కూర్చుని మొదటి రాయి చేతిలోకి తీసుకుంది. నవ్వు ఆగిపోయింది. "ఓలమ్మో, ఇన్ని మరకలున్నాయేటే ఈ రాయిలో!" దగ్గరి చూపు అద్దాలవి. రాయిలోపల ఉండే సహజమైన పొర, గాలిబుడగ, సన్నటి నెర్రె, అన్నీ ఆవిడకి తుప్పులాగే కనబడ్డాయి. ఆ రోజు నుంచి మంచి రాయి కూడా చెత్తకుప్పలోకి వెళ్లింది. ఆ కుప్ప పెరిగి పెరిగి, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కకి జరిగి చోటిచ్చిందని చెబుతాను గానీ, నిజానికి మా షెడ్డు ఎత్తు వచ్చింది. అయినా మూడో రిపోర్టులో ఇనుము తగ్గలేదు.

మేనేజరు జుట్టు పీక్కున్నాడు. "సగం పారేసినా తగ్గకపోతే రాయిలోనే ఉందేమో. మీరూ ఆవిడా ఎల్లి క్వారీ సూసి రండి" అన్నాడు.

పొద్దున్నే ఖాళీ లారీలో బయల్దేరాం. డ్రైవరు నన్ను బావా అంటాడు, నాకు వాళ్లతో ఏ చుట్టరికమూ లేదు. "బావా, అప్పకి కళ్లద్దాలొచ్చాక దారి నేనొక్కణ్ణే సూడక్కల్లేదు. అప్పా, ఎదర గొయ్యి కనబడితే సెప్పు" అన్నాడు. "నీకు నోరు తప్ప కళ్లేవి, గొయ్యి కనబడ్డానికి" అంది అప్ప. అక్కడినుంచి క్వారీ దాకా మా నడుములు లెక్కపెట్టిన గోతులు నాలుగు వేలు.

క్వారీ అంటే పెద్ద కొండని తొలిచేస్తారనుకుంటారు. తెల్లరాయి అలా దొరకదు. ఎర్రమట్టి నేలలో, వేరే రాయి మధ్యన, పాత కుట్లగాయంలాగా తెల్లటి చార ఒకటి సాగుతుంది. ఎంత లోతో, ఎక్కడ సన్నబడి మాయమవుతుందో ఎవరికీ తెలియదు. పైన మట్టి తీసేస్తారు. కంప్రెసర్ పెట్టి, వరసగా బెజ్జాలు తొలుస్తారు. కొన్ని చోట్ల ఆ బెజ్జాల్లో ఉలులు దించి సమ్మెటతో కొడతారు, రాయి కాసేపు ఆలోచించి అప్పుడు చీలుతుంది. గట్టిగా ఉన్న చోట కాస్త మందు పెట్టి పేలుస్తారు, ఎక్కువ పెడితే రాయి నుజ్జయి పనికి రాదు. పడ్డ బండల్ని మళ్లీ సుత్తులతో తలకాయంత ముక్కలు చేసి, కంటికి కనబడే మట్టీ మరకా తీసేసి లారీకి ఎత్తుతారు. డ్రిల్లు పట్టిన మనుషుల కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. నీళ్లు చల్లుతూనే తొలుస్తున్నాం అన్నాడు మేస్త్రి. నీళ్ల డ్రమ్ము సగానికి పైగా ఖాళీగా ఉంది. అతను మాట మాటకీ మధ్య దగ్గాడు. ఆ దగ్గుని నేను పెంచి చెప్పను. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్లాక కూడా రాయే, యాసిడ్‌కే లొంగనిది మనిషికి లొంగదు.

"సూడండమ్మా, పాలలాగుంది రాయి" అన్నాడు మేస్త్రి.

అప్ప కళ్లద్దాలు తీసి కొంగుకి కట్టుకుంది. ఒక్కో ముక్కా ఎండకి పట్టి చూసింది. "కిందటేడాది కన్నా ఇదే బాగుంది" అంది. మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఏమో మరి" అంది. ఆవిడ నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు.

నీడలో కూర్చుని క్యారేజీలు విప్పాం. ఆవిడ తినలేదు.

"తమ్ముడూ, నిజం సెప్పు. నా కళ్లు పోనాయా?"

"అదేటప్పా, అలగంటావు."

"నాను పోతే పోతాను. నా ఎనకాల పదకొండు మందున్నారు. మేనేజరు బాబు ఏరే యంత్రం తెప్పిత్తానన్నాడు. దానికి కళ్లు మసకబారవంట." క్యారేజీ మూత పెట్టేసింది. "ఇంటికాడ బియ్యం ఏరీ పని కోడలికిచ్చీసేను. రాయిలో తుప్పు కనబడందానికి బియ్యంలో రాయి కనబడతాదేటి?"

నేను ఏదో జోకు వేద్దామని నోరు తెరిచాను. రాలేదు. నా జీవితంలో అది అరుదైన సంఘటన, మా ఆవిడకి చెబితే భాగించకుండానే కొట్టిపారేసింది.

తిరిగొచ్చాక మేనేజరు మాట తేల్చేశాడు. శనివారం లాట్ ఒక్కటి. అది కూడా పోతే సోమవారం నుంచి ఏరేవాళ్లు రానక్కర్లేదు.

గురువారం మధ్యాహ్నం. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, సముద్రం మీది ఉక్క అంతా నా గదిలోకి వచ్చి కూర్చుంది. నేను అప్పటికి గంట నుంచి నూరుతున్నాను. చెయ్యి పీకి, రోలులోని పిండి కాగితం మీద ఒంపి, రోకలి పక్కన పెట్టి రోలులోకి చూశాను. నా ముక్కు కనబడింది. ముక్కు పక్కన పుట్టుమచ్చ కూడా. కొన్నప్పుడు నల్లగా, గరుకుగా ఉన్న రోలు లోపలంతా కొత్త గిన్నెలా మెరిసిపోతోంది. ఆ నలుపు ఎక్కడికి పోయింది?

ఎక్కడికి పోతుంది! ఆడవాళ్ల సుత్తి జారితే రాయి మీద నల్లగీత పడటం ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఆ గీత రాయిది కాదు, సుత్తిది. రాయి సుత్తి కన్నా గట్టిది కాబట్టి సుత్తినే గీరి తన ఒంటికి పూసుకుంటుంది. గాజుని గీసే రాయి, ఇనుముని వదులుతుందా?

పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం ఒకటి డ్రాయర్లో ఉంది. దానికి పల్చటి కాగితం చుట్టి పిండి మీద తిప్పాను. కాగితానికి సన్నగా నల్లటి మీసం మొలిచింది. రాయిలో పుట్టిన తుప్పు మరక అలా అయస్కాంతానికి ఎగిరి అంటుకోదు. అదే కుప్పలోంచి ఇంకో రాయి తెచ్చి, ఇనుము తగలకుండా రాయి మీద రాయి పెట్టి నలిపి మళ్లీ తిప్పాను. కాగితం తెల్లగానే ఉంది. మూడు సార్లు చేశాను. మూడు సార్లూ రాయి శుభ్రమే, ఇనుము నాది. వెనక్కి తిరిగొచ్చిన లారీలు నావి, పారేసిన మంచి రాయి నాది, ఆవిడ ముక్కు మీది ఆ కళ్లద్దాలు కూడా నావే.

లేచాను. రోలు చంకన పెట్టుకున్నాను. మేనేజరు గదికి వెళ్లి తలుపు తట్టకుండా తోశాను. రోలుని ఆయన టేబుల్ మీద దించితే టీ కప్పు గాల్లోకి లేచి, తిరిగి అదే సాసరులో దిగింది.

"అప్పని పిలవండి" అన్నాను.

"ఏటయిందండీ?"

"పిలవండి సెప్తాను. అందర్నీ పిలవండి."

పన్నెండు మందీ తలుపు దగ్గర గుమిగూడారు. అయస్కాంతం తిప్పి చూపించాను. "తప్పు నాదండి. రాయిలో తుప్పు లేదు, ఆవిడ కంట్లో మసక లేదు. ఇనుమంతా నా రోల్లోంచి వచ్చింది. పంపించాలంటే నన్ను పంపించండి" అన్నాను. నా గొంతు అవతల ఓడల దాకా వినబడి ఉంటుంది. మేనేజరు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. అప్ప నెమ్మదిగా కళ్లద్దాలు తీసింది. రోలులోకి వంగి చూసి, "నీ రోలు మండిపోనూ, తమ్ముడూ! నా మొకం కూడా బాగానే కనబడతన్నాదే ఇందులో" అంది. పదకొండు మందీ నవ్వారు. ఆ నవ్వుకి పోర్టులో క్రేను ఒకటి ఎత్తిన సరుకుని ఎత్తినట్టే ఉంచి వినడానికి ఆగిపోయింది.

క్రేను సంగతి ఎలాగూ మీరు నమ్మరు. నమ్మకూడనిది క్రేను ఒక్కటే కాదు. నేను లేచింది నిజం. తలుపు దాకా వెళ్లింది నిజం. అక్కడినుంచి ఒక్క మాటా నిజం కాదు. ఆ గదిలోకి నేను వెళ్లనేలేదు.

నేను చేసింది ఇది. రోలుని గోనెసంచిలో చుట్టి ఇంటికి మోసుకుపోయాను. మర్నాడు ఒక కాలేజీ ల్యాబులో తెలిసినాయన్ని బతిమాలి, అగేటు కల్వం అరువు తెచ్చాను. శనివారం లాట్ అందులో నూరాను. రిపోర్టులో ఇనుము ఉండాల్సినంతలోనే ఉంది. మేనేజరు ఆ కాగితం పట్టుకుని షెడ్డు దాకా వచ్చాడు. "సూసారా, కళ్లద్దాలు అలవాటు పడ్డాయి!" అన్నాడు. అందరూ అప్పని చూసి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. యంత్రం మాట ఆగిపోయింది, పన్నెండు మందీ ఉన్నారు, నేనూ ఉన్నాను. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు కదా, ఇక చెప్పడం దేనికి అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే నెలలు గడిచిపోయాయి. రోలు మా వంటింట్లో ఉంది. మా ఆవిడ అందులో అల్లం దంచుతూ, లోపల భలే మెరుస్తోందండీ అంటుంది.

ఇప్పుడు అప్ప ఒక్కో రాయినీ మూడు వైపులా తిప్పాక బుట్టలో వేయదు. కళ్లద్దాలు సర్దుకుని, పక్కనున్న ఆవిడ ముందు పెడుతుంది. ఆ పక్కావిడకి రాళ్లు ఏరడం నేర్పింది అప్పే.

"ఒలే, ఇది సూడవే. తుప్పుందేటి?"

ఆవిడ తల ఎత్తకుండానే, "నేదప్పా, బుట్టలో ఏసీ" అంటుంది. అప్పుడు వేస్తుంది. రోజుకి ఎన్ని రాళ్లు, అన్ని సార్లు అడుగుతుంది. నా కిటికీలోంచి వినబడుతూనే ఉంటుంది. నేను కూర్చునే చోటికీ ఆవిడ కూర్చునే చోటికీ మధ్య పద్దెనిమిది అడుగుల దూరం. కొలిచాను.